పాత ప్రింటరును కార్యాలయపు నెట్‌వర్కుకు కలపడం

ఒకే కంప్యూటరుకు తగిలించి వాడుకొనేందుకు తయారైన ప్రింటరును ఒక కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ వాడుకొనేలా అమర్చడాన్ని ఆ ప్రింటరును నెట్‌వర్కుకు కలపడం అంటారు. ఈ వ్యాసంలో పాత ప్రింటరు అంటే తనంతట తాను నెట్‌వర్కులో పాల్గొనలేనిది, లేదా నేటి నెట్‌వర్కు పద్ధతులు తెలియనిది అని అర్థం. దాని వయస్సు పదేళ్ళు కావచ్చు, ముప్ఫై ఏళ్ళు కావచ్చు. ప్రింటరును ముద్రణ యంత్రమనీ, నెట్‌వర్కును వలయమనీ తెలుగు చేయవచ్చు గాని, గుమాస్తా నుండి అధికారి వరకు అందరి నోటా నలిగిన మాటలు ఉన్నవి కనుక ఇక్కడ వాటినే వాడుతున్నాము.

ఈ పనిని చాలామంది తీగల సమస్యగా భావించి, ముందుగా బజారుకు వెళ్ళి ఏదో ఒక పెట్టెను కొని తెస్తారు. తీగ కుదురుతుంది, దీపం వెలుగుతుంది, కాగితం మాత్రం రాదు. ప్రింటరుకు ఏ భాష అర్థమవుతుందో, పుటను తయారుచేసే శ్రమ ప్రింటరు పడుతుందో కంప్యూటరు పడుతుందో ముందు తెలుసుకొంటే ఏ మార్గం పనికివస్తుందో దానంతట అదే తేలుతుంది.

ఎందుకు కలుపుతారు

ప్రింటరును పదిమందీ పంచుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. 1985లో యాపిల్ సంస్థ విడుదల చేసిన లేజర్‌రైటర్ ధర దాదాపు 7,000 డాలర్లు. అంత ఖరీదైన యంత్రాన్ని మనిషికొకటి కొనడం సాధ్యం కాదు కనుక దానిని పుట్టుకతోనే నెట్‌వర్కు ప్రింటరుగా తీర్చిదిద్దారు. క్రమంగా ధరలు దిగివచ్చి, బల్లకొక చిన్న ప్రింటరు చేరింది. 2005 తరువాత భారతదేశంలోని చిన్న కార్యాలయాల్లో విస్తారంగా కనబడిన హెచ్.పి. లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్.బి.పి. 2900 ఈ కోవకు చెందినవే. వీటికి ఉన్నది ఒక్క యు.ఎస్.బి. రంధ్రమే, నెట్‌వర్కు తీగ తగిలించే చోటు లేదు.

ఇటువంటి యంత్రాలను పారవేయకపోవడానికి పొదుపు ఒక్కటే కారణం కాదు. కార్బను పెట్టి ఒకేసారి మూడు ప్రతులు తీయవలసిన బిల్లులను లేజరు ప్రింటరు గాని, సిరా చిమ్మే ఇంక్‌జెట్ గాని ఇవ్వలేవు. రిబ్బను మీద సూదులు గట్టిగా కొడితేనే అడుగు కాగితం మీద అక్షరం పడుతుంది. అందువల్ల లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, గోదాములు మొదలైన చోట్ల డాట్ మాట్రిక్స్ ప్రింటరు గరగరలాడుతూనే ఉంటుంది. ఎప్సన్ ఎల్.ఎక్స్. 300, టి.వి.ఎస్. ఎలక్ట్రానిక్స్ వారి ఎం.ఎస్.పి. వరుస ప్రింటర్లు ఇందుకు మంచి ఉదాహరణలు.

ప్రింటరు భాష

కాగితం మీద అచ్చయ్యేవి చివరకు చుక్కలే. ఎక్కడ నల్లచుక్క పడాలో, ఎక్కడ తెలుపు వదలాలో ఎవరో ఒకరు లెక్క కట్టాలి. ఆ లెక్క ఎవరు కడతారన్న దానిని బట్టి ప్రింటర్లను మూడు జాతులుగా భావించవచ్చు.

మొదటి జాతి ప్రింటర్లలో అక్షరాల ఆకారాలు యంత్రంలోనే భద్రపరచి ఉంటాయి. కంప్యూటరు "ఏ" అనే అక్షరపు సంఖ్యను పంపితే చాలు, ప్రింటరు తనవద్ద ఉన్న ఆకారాన్ని తీసి కొడుతుంది. అక్షరాలను లావుగా కొట్టమనో, పంక్తుల మధ్య దూరం తగ్గించమనో చెప్పడానికి ఎస్కేప్ అనే సంకేతంతో మొదలయ్యే చిన్న చిన్న ఆజ్ఞలు ఉంటాయి. ఎప్సన్ సంస్థ రూపొందించిన ఈ ఆజ్ఞల భాషను ఇ.ఎస్.సి./పి. అంటారు. డాట్ మాట్రిక్స్ ప్రింటర్లలో అత్యధికం, ఇతర సంస్థలవి కూడా, ఈ భాషను అనుకరిస్తాయి.

రెండవ జాతి ప్రింటర్లకు పుటను వర్ణిస్తే చాలు. ఫలానా చోట ఇంత పొడవు గీత, ఫలానా చోట ఈ అక్షరం అని చెబితే, చుక్కల లెక్క ప్రింటరే కట్టుకుంటుంది. ఇందుకోసం దానిలోపల ఒక చిన్న కంప్యూటరే ఉంటుంది. హెచ్.పి. వారి పి.సి.ఎల్., అడోబి సంస్థ 1984లో వెలువరించిన పోస్ట్‌స్క్రిప్ట్ ఈ పని చేసే భాషలు. 1992 నాటి లేజర్‌జెట్ 4 ఈ జాతిదే.

మూడవ జాతి చవక ప్రింటర్లు. వీటిలో లెక్క కట్టే సామర్థ్యం దాదాపు ఉండదు. చుక్కల లెక్కంతా కంప్యూటరులోని డ్రైవరు కట్టి, తయారీదారుకు మాత్రమే తెలిసిన పద్ధతిలో కుదించి పంపుతుంది. ప్రింటరు దానిని కాగితం మీదికి దింపుతుంది, అంతే. లేజర్‌జెట్ 1020, ఎల్.బి.పి. 2900 ఇటువంటివే. 1020 విషయంలో ఇంకొక విశేషం ఉంది. తనను నడిపే ప్రోగ్రాము కూడా దానివద్ద నిలవ ఉండదు. స్విచ్చి వేసిన ప్రతిసారీ కంప్యూటరు ఆ ప్రోగ్రామును ప్రింటరులోకి పంపాలి. బడికి పలకా బలపం తెచ్చుకోని పిల్లవాడి వలె ఇది ప్రతి ఉదయం పక్కవారి మీద ఆధారపడుతుంది. కరెంటు పోయి వచ్చినా అదే కథ.

ఈ మూడు జాతుల మధ్య భేదం ఎంతటిదో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చు. పంక్తికి 80 అక్షరాల చొప్పున 66 పంక్తులున్న ఆంగ్ల పుటను మొదటి జాతి ప్రింటరుకు పంపాలంటే 80 × 66 = 5,280 బైట్లు చాలు. అదే ఎ4 పుటను అంగుళానికి 600 చుక్కల చొప్పున పూర్తి చిత్రంగా పంపాలంటే అడ్డంగా సుమారు 4,960, నిలువుగా సుమారు 7,016 చుక్కలు కావాలి. మొత్తం దాదాపు మూడు కోట్ల నలభై ఎనిమిది లక్షల చుక్కలు. చుక్కకు ఒక బిట్టు చొప్పున ఇది 43 లక్షల బైట్లకు పైమాటే. అంటే ఎనిమిది వందల రెట్లు ఎక్కువ. కుదించి పంపితే ఇందులో చాలా భాగం తగ్గుతుంది గాని, ఫొటోలున్న పుటలు అంతగా కుదించుకోవు.

తెలుగులో అచ్చు వేసేవారికి ఈ లెక్క మరీ ముఖ్యం. పాత డాట్ మాట్రిక్స్ ప్రింటరులో భద్రపరచి ఉన్నవి సాధారణంగా రోమను అక్షరాలే. గుణింతాలు, ఒత్తులు దానికి తెలియవు. కనుక తెలుగు పుటను చిత్రంగా మార్చి పంపక తప్పదు. ఆంగ్ల బిల్లు పరుగున వచ్చే యంత్రం మీద తెలుగు బిల్లు నత్తనడక నడవడానికి కారణం ఇదే. అది యంత్రపు లోపం కాదు. విండోస్‌లో జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ అనే డ్రైవరును ఎంచుకుంటే ముద్రణ వేగంగానే సాగుతుంది, కాని తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలో అర్థంలేని గుర్తులో పడతాయి.

మన ప్రింటరు ఏ జాతిదో తెలుసుకోవడం కష్టం కాదు. చాలా ప్రింటర్లు ఒక మీటను నొక్కి పట్టుకుంటే తమ వివరాలను తామే అచ్చు వేస్తాయి. ఆ కాగితం మీద పి.సి.ఎల్. అనో పోస్ట్‌స్క్రిప్ట్ అనో ఉంటే సగం పని అయినట్లే. వివరణ పుస్తకంలో హోస్ట్ బేస్డ్ అనిగాని, జి.డి.ఐ. అనిగాని ఉంటే అది మూడవ జాతిది.

తీగలు

1970లో సెంట్రానిక్స్ అనే అమెరికా సంస్థ తన ప్రింటరుకు పెట్టిన 36 కాళ్ళ తొడుగు తరువాత రెండు మూడు దశాబ్దాల పాటు ప్రపంచమంతటా చెల్లుబాటయింది. దీనినే పారలల్ పోర్టు అంటారు. కంప్యూటరు వైపున 25 కాళ్ళ తొడుగు, ప్రింటరు వైపున 36 కాళ్ళ తొడుగు ఉంటాయి. ఎనిమిది తీగల మీద ఎనిమిది బిట్లు ఒకేసారి, అంటే ఒక్కొక్క బైటు చొప్పున వెళతాయి. మరొక తీగ మీద "తీరిక లేదు, ఆగు" అని ప్రింటరు సంకేతమిస్తుంది.

తొలినాటి పారలల్ పోర్టు వేగం సెకనుకు 150 కిలోబైట్ల ప్రాంతం. పైన లెక్క కట్టిన పూర్తి చిత్రపు పుట కుదించకుండా దీనిమీద వెళ్ళాలంటే దాదాపు అర నిమిషం పడుతుంది. 1994లో ఐ.ఇ.ఇ.ఇ. 1284 అనే ప్రమాణం వచ్చి ఈ వేగాన్ని ఎన్నో రెట్లు పెంచింది. ప్రింటరు తిరిగి కంప్యూటరుతో మాట్లాడే సౌకర్యాన్ని కూడా ఆ ప్రమాణమే క్రమబద్ధం చేసింది. పారలల్ తీగను కరెంటు ఉండగా పెరకడం, గుచ్చడం మంచిది కాదు. రెండు యంత్రాలనూ ఆపి చేయాలి.

తరువాత వచ్చిన యు.ఎస్.బి. తీగకు ఆ భయం లేదు గాని పొడవుకు పరిమితి ఉంది. యు.ఎస్.బి. 2.0 తీగ 5 మీటర్లకు మించరాదు. పక్క గదిలోని ప్రింటరుకు పది మీటర్ల యు.ఎస్.బి. తీగ లాగి, అప్పుడప్పుడు పనిచేసి అప్పుడప్పుడు మానే యంత్రంతో అవస్థ పడేవారు కనిపిస్తూనే ఉంటారు. నెట్‌వర్కు తీగ అయితే 100 మీటర్ల వరకు నిశ్చింతగా వెళుతుంది.

ఒక కంప్యూటరు ద్వారా పంచుకోవడం

అన్నిటికంటే సులభమైన పద్ధతి ఇది. ప్రింటరును ఒక కంప్యూటరుకు తగిలించి, ఆ కంప్యూటరులో ప్రింటరు ధర్మాలలోకి వెళ్ళి, షేరింగ్ అనే చోట దానికొక చిన్న పేరు పెట్టాలి. పేరులో ఖాళీలు లేకుండా ఉంటే తరువాత తలనొప్పులు తగ్గుతాయి. ఇతర కంప్యూటర్లు తమ పుటలను ఆ కంప్యూటరుకు పంపుతాయి. అక్కడ స్పూలరు అనే ప్రోగ్రాము వాటిని వరుసలో నిలబెట్టి, ఒకదాని తరువాత ఒకటిగా ప్రింటరుకు అందిస్తుంది. మూడవ జాతి ప్రింటర్లకు ఈ మార్గమే మేలు. తయారీదారు డ్రైవరు, ప్రింటరు ఒకే చోట ఉంటాయి కనుక 1020 వంటి వాటికి ప్రతి ఉదయం కావలసిన ప్రోగ్రాము సక్రమంగా అందుతుంది.

లోపాలు రెండు. ఆ కంప్యూటరు ఆపివేస్తే అందరి ముద్రణా ఆగుతుంది. ఆ బల్ల దగ్గరి ఉద్యోగి సెలవు పెట్టిన రోజున కార్యాలయమంతటికీ ఈ సంగతి తెలిసివస్తుంది. రెండవది, విండోస్ మామూలు సంచికలు ఒకేసారి కొన్ని కంప్యూటర్లనే అనుమతిస్తాయి. విండోస్ ఎక్స్‌పి ప్రొఫెషనల్‌లో ఈ పరిమితి 10, విండోస్ 10లో 20.

డ్రైవర్ల పొత్తు కుదరకపోవడం ఇంకొక చిక్కు. ప్రింటరు ఉన్నది 32 బిట్ల పాత విండోస్ కంప్యూటరు మీద అయితే, 64 బిట్ల కంప్యూటర్లు దాని డ్రైవరును అరువు తెచ్చుకోలేవు. విండోస్ 11 అన్నది 64 బిట్లలో మాత్రమే ఉంది. అటువంటప్పుడు కొత్త కంప్యూటరులో ఒక లోకల్ పోర్టును సృష్టించి, ఆ పోర్టు పేరుగా పాత కంప్యూటరు పేరు, ప్రింటరు పేరు కలిపి రాసి, 64 బిట్ల డ్రైవరును అక్కడే విడిగా ఎక్కించుకోవచ్చు. ఆ డ్రైవరు దొరకడం లేదంటే అదే భాష మాట్లాడే మరొక ప్రింటరు డ్రైవరును ప్రయత్నించవచ్చు. ఇ.ఎస్.సి./పి. అర్థమయ్యే ప్రింటరుకు ఎప్సన్ డ్రైవరు, పి.సి.ఎల్. అర్థమయ్యే ప్రింటరుకు మరొక లేజర్‌జెట్ డ్రైవరు తరచుగా సరిపోతాయి. మూడవ జాతి వాటికి ఈ వెసులుబాటు లేదు.

2021 తరువాత ఈ పద్ధతిలో కొన్ని మార్పులు వచ్చాయి. ఆ సంవత్సరం జులైలో విండోస్ స్పూలరులో ప్రింట్‌నైట్‌మేర్ అనే తీవ్రమైన లోపం బయటపడింది. నెట్‌వర్కు మీద ప్రింటరు డ్రైవరు ఎక్కించే నెపంతో పరాయివారు కంప్యూటరును వశం చేసుకొనే అవకాశం దానివల్ల కలిగింది. అందుచేత ఆగస్టు నుండి డ్రైవరు ఎక్కించడానికి అడ్మినిస్ట్రేటరు అనుమతి తప్పనిసరి చేశారు. సెప్టెంబరు సవరణల తరువాత ఎన్నో కార్యాలయాలలో పంచుకున్న ప్రింటర్లు 11బి తో ముగిసే దోష సంఖ్యను చూపుతూ మొరాయించాయి. రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి ఆ రక్షణను తొలగించమన్న సలహా అప్పట్లో విరివిగా ప్రచారమైంది. అది తాళం పనిచేయడం లేదని తలుపు ఊడబీకడం వంటిది. రెండు వైపుల కంప్యూటర్లకూ సవరణలు పూర్తిగా ఎక్కించడం, అప్పటికీ కుదరకపోతే పైన చెప్పిన లోకల్ పోర్టు మార్గం పట్టడం ఉత్తమం.

ప్రింట్ సర్వరు పెట్టె

ఒక వైపు నెట్‌వర్కు తీగ, మరొక వైపు పారలల్ లేదా యు.ఎస్.బి. తీగ తగిలించుకొనే చిన్న పెట్టెను ప్రింట్ సర్వరు అంటారు. హెచ్.పి. సంస్థ 1991లో ప్రవేశపెట్టిన జెట్‌డైరెక్ట్ ఈ తరహా సాధనాలకు మారుపేరయింది. ఇది పెట్టె రూపంలోనూ, ప్రింటరు వెనుక గూటిలో అమర్చే కార్డు రూపంలోనూ దొరికేది. లేజర్‌జెట్ 4లోని గూడు ఎం.ఐ.ఓ. రకం, 1997 నాటి లేజర్‌జెట్ 4000లోని గూడు ఇ.ఐ.ఓ. రకం. ఒకదాని కార్డు మరొకదానిలో పట్టదు. కనుక పాత సామాను కొట్లో కార్డు కొనేముందు గూటి రకం చూసుకోవాలి.

ఈ పెట్టెకు తెలివి తక్కువ, విధేయత ఎక్కువ. నెట్‌వర్కు మీద వచ్చిన బైట్లను వచ్చినట్లుగా ప్రింటరులోకి పోస్తుంది. వాటి అర్థం దానికి అనవసరం. అందుకే మొదటి రెండు జాతుల ప్రింటర్లకు ఇది చక్కగా సరిపోతుంది. మూడవ జాతి ప్రింటరు విషయంలో డ్రైవరు ఎదుటి నుండి జవాబు ఆశిస్తుంది, ఆ జవాబు పెట్టె దాటి రాదు. లేజర్‌జెట్ 1020ని తగిలిస్తే, స్విచ్చి వేసినప్పుడు దానికి కావలసిన ప్రోగ్రామును పంపే దిక్కు ఉండదు. కొన్ని పెట్టెలు యు.ఎస్.బి. తీగనే నెట్‌వర్కు మీదుగా సాగదీసినట్లు భ్రమ కలిగిస్తాయి. అవి పనిచేస్తాయి గాని ఒక సమయంలో ఒక కంప్యూటరు మాత్రమే ప్రింటరును పట్టుకోగలదు. అది వదిలేవరకు మిగిలినవారు వేచి ఉండాలి.

పెట్టెతో కంప్యూటరు మాట్లాడే పద్ధతులు ముఖ్యంగా రెండు. 9100 సంఖ్య గల పోర్టుకు బైట్లను నేరుగా పంపడం మొదటిది, దీనిని రా పద్ధతి అంటారు. మూడు ప్రింటర్లు తగిలించుకోగల జెట్‌డైరెక్ట్ పెట్టెలో 9100, 9101, 9102 అని ఒక్కొక్క ప్రింటరుకు ఒక్కొక్క సంఖ్య ఉంటుంది. రెండవది యూనిక్స్ లోకం నుండి వచ్చిన ఎల్.పి.డి. పద్ధతి, దీని పోర్టు 515. ఈ పద్ధతిలో వరుసకు ఒక పేరు ఇవ్వాలి. ఆ పేరు పెట్టె తయారీదారును బట్టి మారుతుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చూసే పెట్టెలు కూడా ఉన్నవి కనుక వివరణ పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు రాయాలి. రెండూ కుదిరినప్పుడు 9100నే ఎంచుకోవడం సుఖం.

విండోస్‌లో స్టాండర్డ్ టి.సి.పి./ఐ.పి. పోర్టును సృష్టించి పెట్టె చిరునామా ఇస్తే సరిపోతుంది. అంతా సవ్యంగా ఉన్నా ప్రింటరు ఆఫ్‌లైన్‌లో ఉన్నట్లు విండోస్ చూపడం ఇక్కడ తరచుగా ఎదురయ్యే సమస్య. ఎస్.ఎన్.ఎం.పి. అనే పద్ధతిలో విండోస్ ప్రింటరును కుశల ప్రశ్నలు వేస్తుంది. పాత పెట్టె జవాబు చెప్పకపోతే అది లేదని తీర్మానిస్తుంది. పోర్టు అమరికలలో ఎస్.ఎన్.ఎం.పి. స్టేటస్ ఎనేబుల్డ్ అన్న చోట ఉన్న గుర్తును తీసివేస్తే ఈ చిక్కు తీరుతుంది. ఇంత చిన్న గుర్తు కారణంగా బాగున్న యంత్రాలను మరమ్మతుకు పంపిన సందర్భాలు తక్కువేమీ కాదు.

పాత పెట్టెలు సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో మాత్రమే మాట్లాడతాయి. సాధారణ స్విచ్చిలు ఆ వేగానికి దిగివస్తాయి, 2.5 గిగాబిట్లు, అంతకు మించిన వేగం గల కొన్ని కొత్త పోర్టులు మాత్రం దిగిరావు. అప్పుడు మధ్యలో ఒక పాత, చవక స్విచ్చిని పెడితే రెంటికీ దుబాసిగా పనిచేస్తుంది.

చిన్న లినక్సు కంప్యూటరు

మూడవ జాతి ప్రింటరును ఎవరి బల్లకూ కట్టివేయకుండా నెట్‌వర్కులో పెట్టాలంటే, దానికోసం ఒక చిన్న కంప్యూటరును కేటాయించవచ్చు. 2012లో వచ్చిన రాస్ప్‌బెరీ పై వంటి అరచేతిలో ఇమిడే కంప్యూటరైనా, మూల పడిన పాత కంప్యూటరైనా ఇందుకు చాలు. దానిమీద లినక్సు, కప్స్ అనే ముద్రణ వ్యవస్థ నడుస్తాయి. కప్స్ మొదటిసారి 1999లో విడుదలయింది. 2002లో యాపిల్ దానిని తన మాక్ వ్యవస్థలో స్వీకరించింది. కప్స్ తన వద్దకు వచ్చిన పుటను ప్రింటరు భాషలోకి తర్జుమా చేసి పంపుతుంది. బయటి కంప్యూటర్లతో మాత్రం 631 పోర్టు మీద ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్ అనే ఈనాటి పద్ధతిలో మాట్లాడుతుంది. ఈ అమరికలో పాత ప్రింటరు కొత్త ప్రింటరుగా చెలామణి అవుతుంది. చరవాణి నుండి కూడా అచ్చు తీయవచ్చు. లేజర్‌జెట్ 1020 కోసం స్వచ్ఛంద ప్రోగ్రామర్లు రాసిన ఫూ2జెడ్‌జెఎస్ అనే డ్రైవరు, స్విచ్చి వేయగానే ప్రోగ్రామును పంపే పనిని కూడా చూసుకుంటుంది. లినక్సు అలవాటు లేనివారికి మొదటి అమరిక కొంత శ్రమే గాని, ఒకసారి కుదిరితే నెలల తరబడి దాని జోలికి పోనక్కరలేదు.

2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ, తయారీదారుల ప్రింటరు డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా పంపిణీ చేయడాన్ని దశలవారీగా తగ్గిస్తామని ప్రకటించడంతో ఈ మార్గానికి విలువ పెరిగింది. పాత ప్రింటర్లున్న కార్యాలయాలు తమ డ్రైవరు ఫైళ్ళను ఇప్పుడే ఒక చోట భద్రపరచుకోవడం అవసరం. తయారీదారు వెబ్‌సైటులో అవి కలకాలం ఉంటాయన్న హామీ ఏదీ లేదు.

చిరునామా

నెట్‌వర్కులోని ప్రతి యంత్రానికీ ఒక ఐ.పి. చిరునామా ఉంటుంది. సాధారణంగా రౌటరు ఈ చిరునామాలను పంచిపెడుతుంది. ఉద్యోగుల కంప్యూటర్ల చిరునామా రోజూ మారినా నష్టం లేదు, ప్రింటరు చిరునామా మాత్రం మారకూడదు. ఇల్లు మారిన బంధువుకు పాత చిరునామాకు ఉత్తరం రాసినట్లవుతుంది. ఉదాహరణకు రౌటరు చిరునామా 192.168.1.1 అనీ, అది 192.168.1.100 నుండి 199 వరకు పంచుతున్నదనీ అనుకుందాం. అప్పుడు ప్రింట్ సర్వరుకు ఆ పరిధికి బయట 192.168.1.50 వంటి చిరునామాను స్థిరంగా ఇవ్వాలి. లేదా రౌటరులోనే ఈ యంత్రానికి ఎప్పుడూ ఇదే చిరునామా ఇమ్మని రిజర్వు చేయించవచ్చు. ఈ రెండవ పద్ధతిలో చిరునామాలన్నీ ఒకే చోట కనబడతాయి కనుక లెక్క తప్పదు.

పాత జెట్‌డైరెక్టులు చిరునామా దొరకనప్పుడు 192.0.0.192 అనే చిరునామాను తమకు తామే పెట్టుకునేవి. ఇది కార్యాలయపు చిరునామాల వరుసలో లేదు కనుక మామూలుగా కనబడదు. ఒక కంప్యూటరుకు తాత్కాలికంగా 192.0.0.193 అని పెట్టి, పెట్టెను దానికి సూటిగా తగిలించి, టెల్‌నెట్ ద్వారా లోపలికి ప్రవేశించి సరైన చిరునామా ఇవ్వవచ్చు. పాత పెట్టెల అమరిక పుటలు కొన్ని జావా ఆప్లెట్ల మీద ఆధారపడినవి. నేటి బ్రౌజర్లు వాటిని తెరవవు. చిరునామా కుదిరిందో లేదో పింగ్ అనే ఆజ్ఞతో పరీక్షించి, ఆ తరువాతనే డ్రైవరు జోలికి వెళ్ళాలి. జవాబు రాని చిరునామాకు డ్రైవరును ఎన్నిసార్లు ఎక్కించినా ప్రయోజనం లేదు.

పాత డాస్ ప్రోగ్రాములు

ఫాక్స్‌ప్రో వంటి వాటిలో రాసిన పాత బిల్లుల ప్రోగ్రాములకు నెట్‌వర్కు అన్న ఊహే లేదు. ఎల్.పి.టి.1 అనే మొదటి పారలల్ పోర్టుకు అక్షరాలు పంపడం ఒక్కటే వాటికి తెలుసు. ఈ ప్రోగ్రాములను మోసగించేందుకు విండోస్‌లోని నెట్ యూజ్ అనే ఆజ్ఞ ఉపకరిస్తుంది. ఎల్.పి.టి.1కి వెళ్ళవలసినదంతా ఫలానా కంప్యూటరులోని ఫలానా పంచుకున్న ప్రింటరుకు పంపమని దానితో చెప్పవచ్చు. ప్రింటరు అదే కంప్యూటరుకు యు.ఎస్.బి. తీగతో ఉన్నా, దానిని షేర్ చేసి తిరిగి తనకు తానే పంపుకొనేలా చేయవచ్చు. ఇది మొదటి జాతి ప్రింటర్లకూ, పి.సి.ఎల్. ప్రింటర్లకూ పనిచేస్తుంది. ఊరకే అక్షరాలు వస్తే ఏమి చేయాలో తెలియని మూడవ జాతి ప్రింటరు మౌనం వహిస్తుంది. 64 బిట్ల విండోస్‌లో 16 బిట్ల డాస్ ప్రోగ్రాములు అసలు నడవవు కనుక డాస్‌బాక్స్ ఎక్స్ వంటి అనుకరణ ప్రోగ్రాము అదనంగా కావాలి.

భద్రత

9100 పోర్టు ఎవరు పంపినా స్వీకరిస్తుంది. పేరు, సంకేతపదం అడగదు. కార్యాలయపు గోడల లోపల ఇది చెల్లుతుంది. ప్రింటరును ఇంటర్నెట్టుకు తెరచి ఉంచితే ఏమవుతుందో 2018 నవంబరులో లోకానికి తెలిసింది. ఒక అజ్ఞాత వ్యక్తి ఇలా తెరచి ఉన్న వేలాది ప్రింటర్ల మీద ఒక యూట్యూబ్ ఛానల్ ప్రచార పత్రాన్ని అచ్చు వేయించాడు. అతడు కాగితాలు వృథా చేసి ఊరుకున్నాడు. కనుక రౌటరులో ప్రింటరు కోసం బయటివైపు ఏ పోర్టునూ తెరవకూడదు. ఇంటి నుండి ముద్రించవలసిన అవసరం ఉంటే వి.పి.ఎన్. ద్వారానే చేయాలి.

ఫొటోకాపీ, స్కానరు కలిసి ఉన్న పాత యంత్రాలు స్కాన్ చేసిన పుటలను కంప్యూటరుకు పంపడానికి ఎస్.ఎం.బి. మొదటి సంచికను అడుగుతాయి. 2017 మే నెలలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రవేశించింది ఈ పాత పద్ధతిలోని లోపం గుండానే. ఆంధ్ర ప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. ఆ తరువాత విండోస్ కొత్త సంచికలు ఈ పద్ధతిని ముందుగానే నిలిపివేసి వస్తున్నాయి. ఒక స్కానరు కోసం దానిని తిరిగి తెరవడం తగదు. యంత్రంలో ఎఫ్.టి.పి. గాని ఈమెయిలు గాని ఉంటే వాటిని వాడాలి, లేదా పెన్‌డ్రైవులోకి స్కాన్ చేసుకోవాలి. వైఫై ఉన్న తొలితరం ప్రింటర్లకూ ఇదే వర్తిస్తుంది. కాలం చెల్లిన డబ్ల్యు.ఇ.పి. రక్షణ మాత్రమే తెలిసిన ప్రింటరు కోసం కార్యాలయపు వైఫై మొత్తాన్ని ఆ స్థాయికి దించడం కంటే దానిని తీగతో కలపడం మేలు.

అందరూ పంచుకొనే ప్రింటరులో మరొక ప్రమాదం కంటికి ఎదురుగానే ఉంటుంది. పాఠశాలలో ప్రశ్నపత్రాన్ని ఒక గదిలో నుండి ముద్రించమని చెప్పి, మరొక గదిలోని ప్రింటరు వరకు నడిచి వెళ్ళే రెండు నిమిషాలలో ఆ కాగితాన్ని ఎవరైనా చూడవచ్చు. కాగితం అయిపోయి ముద్రణ మధ్యలో ఆగితే, మిగిలిన పుటలు మరునాడు కాగితం పెట్టిన వ్యక్తి చేతికి వస్తాయి. కొత్త యంత్రాలలో సంకేత సంఖ్య నొక్కితే గాని అచ్చు కాని ఏర్పాటు ఉంటుంది, పాత వాటిలో ఉండదు. ప్రశ్నపత్రాలు, జీతాల పట్టికలు వంటివి ముద్రించే ప్రింటరును నెట్‌వర్కుకు కలపకుండా ఒకే కంప్యూటరుకు ఉంచడమే సరైనది.

ఎప్పుడు మానుకోవాలి

ప్రతి పాత ప్రింటరూ ఇంత శ్రమకు తగినది కాదు. టోనరు గాని రిబ్బను గాని సులభంగా దొరుకుతుందా అన్నది మొదటి ప్రశ్న. లేజర్‌జెట్ 1020, ఎల్.బి.పి. 2900 ఇంతకాలం నిలవడానికి కారణం ఇదే. హెచ్.పి. 12ఎ, కెనాన్ 303 అనే వాటి టోనరు పెట్టెలు రెండూ లోపల ఒకటే. ఒక్కొక్కటి సుమారు 2,000 పుటల వరకు వస్తుంది, తిరిగి నింపేవారు చిన్న పట్టణాల్లో కూడా ఉన్నారు. కాగితాన్ని లాగే రబ్బరు రోలరు, వేడితో సిరాను అంటించే ఫ్యూజరు విడిగా దొరకని యంత్రమైతే ప్రింట్ సర్వరు మీద ఖర్చు పెట్టడం వృథా. పాత 32 బిట్ల డ్రైవరు తప్ప వేరే దారి లేని మూడవ జాతి ప్రింటరు కోసం కాలం చెల్లిన విండోస్ కంప్యూటరును నెట్‌వర్కులో కొనసాగించడం కూడా మంచిది కాదు. అటువంటి ప్రింటరును ఆ కంప్యూటరుతో సహా నెట్‌వర్కు నుండి విడదీసి, పుటలను పెన్‌డ్రైవులో తీసుకువెళ్ళి అచ్చు తీసుకోవచ్చు.